మధ్యయుగపు ఆంగ్ల కవిత్వంలో స్త్రీ, పెళ్లి, పెత్తనం: ఏ కావ్యంతో మొదలుపెట్టాలి?

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న తెలుగువారికి పద్నాలుగవ శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ అనగానే సాధారణంగా గుర్తుకు వచ్చేది, యాత్రికులు వంతులవారీగా కథలు చెప్పే ఆయన కావ్యం కాంటర్‌బరీ కథల ప్రధాన పీఠిక. అందులో యాత్రికులలో ఒకరైన, ‘వైఫ్ ఆఫ్ బాత్’గా పేరుపడిన ఆలిసన్‌కు దక్కినది 30 పైచిలుకు పంక్తుల రూపచిత్రణ మాత్రమే. ఎర్రని మేజోళ్లు, డాలంత వెడల్పైన టోపీ, కొంత చెవుడు, సందులున్న పలువరుస, చర్చి గుమ్మం దగ్గర చేసుకున్న ఐదు పెళ్లిళ్లు అనే వివరాలతో పరీక్షకు కావలసినంత సమకూరుతుంది గనుక చాలామంది చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆమె స్వయంగా నోరు విప్పేది ఆ తరువాత ఎంతో దూరాన, తన సొంత పీఠికలో. మధ్యయుగపు ఆంగ్ల కవులు పెళ్లిని గురించీ, పెళ్లిలో ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న గురించీ రాసిన కావ్యాలలో దేనిని ముందు చదవాలి, ఎవరికి ఏది తగినది అని తేల్చుకోదలచిన పాఠకుల కోసం ఈ పోలికను రాస్తున్నాను.

ఇటువంటి ఎంపికలో ‘ఈ కవి స్త్రీల పక్షమా, వ్యతిరేకమా’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. అలా మొదలుపెట్టినవారు ప్రతి కావ్యానికీ మార్కులు వేసి పక్కన పెడతారే తప్ప దాని లోపలికి వెళ్లరు. దానికి బదులు మూడు సంగతులు గమనిస్తూ చదవడం మేలు. ఆమె పెళ్లికి నిజంగా సమ్మతించిందా, ఆస్తి ఎవరి చేతిలో ఉంది, కథ ముగిసేనాటికి నిర్ణయం ఎవరిది. ఈ మూడింటికీ ఒకే కావ్యంలో ఒకే దిశగా సమాధానాలు రావడం అరుదు. ఆ కాలపు చట్టంలోనే అందుకు కారణం ఉంది.

పన్నెండవ శతాబ్దంలో పోప్ మూడవ అలెగ్జాండర్ కాలానికి చర్చి చట్టం ఒక నియమాన్ని స్థిరపరచింది. వధూవరులిద్దరూ సమ్మతి తెలిపితే పెళ్లి చెల్లుతుంది, తండ్రి అనుమతి గానీ ప్రభువు అనుమతి గానీ లేకపోయినంత మాత్రాన అది రద్దు కాదు. ఆడపిల్లకు 12 ఏళ్లు, మగపిల్లవాడికి 14 ఏళ్లు నిండితే ఆ సమ్మతి చెల్లేది. అయితే పెళ్లి జరిగిన మరుక్షణం నుంచి ఆంగ్ల కామన్ లా (రాజు న్యాయస్థానాలు అమలుచేసే చట్టం) ప్రకారం భార్య సొమ్ము, సామగ్రి భర్తవి అయ్యేవి, ఆమె భూమి అతని నిర్వహణలోకి వెళ్లేది. అతను చనిపోతే అతని భూమిలో సాధారణంగా మూడవ వంతు ఆమెకు జీవితాంతం దక్కేది, తన భూమి తిరిగి తన చేతికి వచ్చేది. అంటే స్త్రీ మాటకు చట్టంలో పూర్తి బలం ఉన్నది పెళ్లికి ఒప్పుకునే ఆ ఒక్క క్షణంలోనూ, మళ్లీ వైధవ్యంలోనూ. ఈ రెండింటికీ మధ్యనున్న సంవత్సరాలలో ఏమి జరుగుతుందన్నదే ఇక్కడ పోల్చబోయే కావ్యాల వస్తువు.

ఒకే ఒక్కటి చదవగలిగితే: వైఫ్ ఆఫ్ బాత్ పీఠిక

సమయం లేనివారికి నా సలహా స్పష్టమైనది. 856 పంక్తుల ఈ పీఠికను చదవండి. మిగిలినవన్నీ తరువాత చదువుకోవచ్చు. తనకు గ్రంథాల ప్రమాణం లేకపోయినా అనుభవమే చాలునని ఆలిసన్ మొదటి పంక్తులలోనే ప్రకటించి, పన్నెండవ ఏట నుంచి తాను చేసుకున్న ఐదు పెళ్లిళ్ల చరిత్ర చెబుతుంది. మొదటి ముగ్గురూ ధనవంతులు, ముసలివారు. తమ భూమినీ సంపదనూ ఆమెకు ఇచ్చేశారు. నాలుగవవాడికి వేరే స్త్రీతో సంబంధం ఉండేది. ఐదవవాడైన జాన్‌కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఇరవై ఏళ్ల యువకుడు. అప్పటికి ఆమెకు నలభై. డబ్బు కోసం కాక ప్రేమతో చేసుకున్న పెళ్లి అదొక్కటే, ఆమె తన భూమినంతటినీ తనంతట తానుగా భర్త చేతిలో పెట్టినదీ ఆ పెళ్లిలోనే. వెంటనే పశ్చాత్తాపపడ్డానని కూడా ఆమే చెబుతుంది.

పీఠికలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం పుస్తకం చింపడం. జాన్‌కిన్ ప్రతి రాత్రీ చెడ్డ భార్యల కథల సంకలనాన్ని ఆమెకు చదివి వినిపిస్తుంటాడు. ఓర్పు నశించి ఆమె అందులో మూడు పుటలు చింపి, అతని చెంప మీద గుద్దుతుంది. అతను తల మీద కొట్టిన దెబ్బకు ఆమెకు ఒక చెవి వినిపించకుండా పోతుంది. ప్రధాన పీఠికలో ఒక్క ముక్కలో వచ్చిన ఆ చెవుడు వెనుక ఇంత కథ ఉంది. తరువాత వారు రాజీపడినప్పుడు అతను ఆమెకు ఏమి అప్పగించాడో కవి లెక్కగా చెబుతాడు. ఇంటి మీద, భూమి మీద నిర్వహణ, అతని నోటి మీద, చేతి మీద అదుపు, ఆపైన ఆ పుస్తకాన్ని తగలబెట్టడం. భూమి అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. చట్టం పెళ్లితో భర్తకు ఇచ్చినదాన్ని ఈ ఇంట్లో భర్త భార్యకు తిరిగి ఇస్తున్నాడు. ఆ తగవు కేవలం మాటల తగవు కాదని ఆ ఒక్క పదం తెలియజేస్తుంది.

సింహం బొమ్మను గీసినది ఎవరని ఆలిసన్ అడిగే ప్రశ్న కూడా ఇక్కడిదే. మనిషి సింహాన్ని చంపుతున్నట్లు బొమ్మ గీసినవాడు మనిషే, సింహం గీసి ఉంటే బొమ్మ వేరుగా ఉండేది. మతగురువులు తమ గదులలో రాసుకున్న కథలలాగా స్త్రీలు కథలు రాసి ఉంటే పురుషుల దుష్టత్వం ఎంతగా బయటపడేదో అని ఆమె అంటుంది. ఆ మాటను కూడా ఆమె నోట పలికించినవాడు ఒక పురుషుడేనన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆమె మాటలలో చాలా భాగం తొలినాటి క్రైస్తవ మతాచార్యుడు సెయింట్ జెరోమ్ వంటివారు వివాహానికి వ్యతిరేకంగా రాసిన గ్రంథాల నుంచి వచ్చినవే కూడా. అయినా ఏ గ్రంథాలు స్త్రీల నోరు మూయించడానికి పనికివచ్చాయో వాటినే తిప్పి వాదించే స్త్రీని సృష్టించడానికి ఎంత సాహసం కావాలో ఆ గ్రంథాలు చూసినవారికి తెలుస్తుంది.

ఒకే కథ, మూడు చేతులలో

పోలిక మీద ఆసక్తి ఉన్నవారికి ఇంతకంటే మంచి అవకాశం మధ్యయుగపు ఆంగ్ల సాహిత్యంలో మరొకటి లేదు. స్త్రీలు అన్నింటికంటే ఎక్కువగా కోరేది ఏమిటన్న ప్రశ్నకు ప్రాణం పణంగా సమాధానం వెదకవలసి రావడం, ఒక కురూపి ముసలామె సమాధానం చెప్పి ప్రతిగా పెళ్లి కోరడం, శయ్య మీద ఆమె ఒక ఎంపికను ముందుంచడం, భర్త ఆ నిర్ణయాన్ని ఆమెకే వదిలివేయడం, ఆమె సుందరిగా మారడం. ఈ కథ చాసర్‌లో ఆలిసన్ చెప్పే కథగానూ, ఆయన స్నేహితుడు జాన్ గోవర్ సుమారు 1390లో వెలువరించిన ‘కన్ఫెసియో అమాంటిస్’లో ఫ్లోరెంట్ కథగానూ, పదిహేనవ శతాబ్దపు అజ్ఞాత కవి చేతిలో ‘సర్ గవేయిన్, డేమ్ రాగ్‌నెల్‌ల పెళ్లి’గానూ కనిపిస్తుంది.

గోవర్ కథ మూడింటిలోనూ చిన్నది, శుభ్రమైనది. ఫ్లోరెంట్ యుద్ధంలో ఒకరిని చంపాడు, చనిపోయినవాని నాయనమ్మ ఆ ప్రశ్న వేస్తుంది. గోవర్ దీనిని అహంకారం అనే పాపాన్ని వివరించే మొదటి సంపుటంలో, ప్రేమలో విధేయతకు దృష్టాంతంగా పెట్టాడు. కనుక కథ అంతా ఫ్లోరెంట్ మాట నిలబెట్టుకోవడం చుట్టూ తిరుగుతుంది. ముసలామె సిసిలీ రాజు కుమార్తె అని, సవతితల్లి శాపం వల్ల అలా ఉందని చివర తెలుస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే ఆమె మనసులో ఏముందో తెలుసుకోవాలని మీరు వెళితే నిరాశ తప్పదు.

చాసర్ చేసిన అతి ముఖ్యమైన మార్పు మొదట్లోనే ఉంది. ఆయన కథలోని యోధుడు యుద్ధంలో ఎవరినీ చంపలేదు, దారిలో ఒంటరిగా కనబడిన ఒక కన్య మీద అత్యాచారం చేశాడు. ఆర్థర్ రాజు న్యాయస్థానం అతనికి మరణశిక్ష వేస్తుంది. రాణి, ఆమె పరివారపు స్త్రీలు ప్రాధేయపడి అతని ప్రాణాన్ని తమ చేతికి తీసుకుని, ఏడాది ఒక రోజు గడువిచ్చి ఆ ప్రశ్నకు జవాబు తెమ్మంటారు. దీనితో ప్రశ్న ఒక పొడుపుకథగా కాక నేరానికి తగిన విచారణగా మారుతుంది. స్త్రీ ఇష్టాన్ని లెక్కచేయనివాడు ఏడాదిపాటు ఊరూరా తిరిగి స్త్రీల ఇష్టం ఏమిటని అడగాలి. శయ్య మీది ఎంపిక కూడా వేరు. గోవర్‌లోనూ రాగ్‌నెల్ కథలోనూ పగలు అందమా, రాత్రి అందమా అన్నదే ప్రశ్న. చాసర్‌లో ముసలిదై కురూపియై నమ్మకంగా ఉండే భార్య కావాలా, పడుచు సుందరి అయి ఏమవుతుందో చెప్పలేని భార్య కావాలా అని ఆమె అడుగుతుంది. అంతకు ముందు నిజమైన కులీనత పుట్టుకలో లేదని, నడతలో ఉందని అతనికి సుదీర్ఘంగా బోధిస్తుంది.

అయితే రెండు చోట్ల ఈ కథ పాఠకుణ్ణి కలవరపెట్టక మానదు. అత్యాచారానికి గురైన కన్య మొదటి పుటలోనే మాయమవుతుంది, ఆమెకు పేరు లేదు, మాట లేదు. నిర్ణయాన్ని చేతికందుకున్న భార్య సుందరిగా మారి, తరువాత అన్నింటా భర్తకు విధేయురాలై ఉందని కవి చెబుతాడు. దీనిని ఆలిసన్ ఓటమిగా చదివేవారున్నారు. వెంటనే ఆమె తన సొంత గొంతుతో, భార్యల ఏలుబడికి లొంగని భర్తలకు ఆయుష్షు తగ్గాలని ప్రార్థించడం చూస్తే ఆ చదువు పూర్తిగా నిలబడదని నాకు అనిపిస్తుంది.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పవలసి ఉంది. 1380 నాటి పత్రంలో సెసిలీ షాంపేన్ అనే స్త్రీ ‘రాప్టస్’ (అపహరణ లేదా అత్యాచారం అనే అర్థాలున్న లాటిన్ మాట) విషయంలో చాసర్‌ను బాధ్యత నుంచి విడుదల చేసినందువల్ల, ఆయన మీద అత్యాచారపు అనుమానం ఒక శతాబ్దానికి పైగా నిలిచింది. 2022లో వెలుగులోకి వచ్చిన పత్రాల ప్రకారం ఆమె పాత యజమాని, పనివారు గడువుకు ముందే కొలువు వదలడాన్ని నిషేధించిన పనివారి చట్టం కింద ఆమె మీద, చాసర్ మీద కలిపి దావా వేశాడు. అంటే ఇద్దరూ ఒకే పక్షాన ప్రతివాదులు. పాత విమర్శ గ్రంథాలతో ఈ కథను చదివేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక రాగ్‌నెల్ కథ. దీనిని పాఠ్యప్రణాళికలు పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగించే సంగతి. సుమారు 850 పంక్తుల ఈ కావ్యం ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది, పద్యం గరుకుగా ఉంటుంది, చాసర్ నైపుణ్యం ఇందులో లేదు. అయినా పెళ్లిని ఊరందరి మధ్య జరిగే వ్యవహారంగా చూపినది ఈ కవే. గ్రోమర్ సోమర్ జూర్ అనే వీరుడు తన భూములను ఆర్థర్ అన్యాయంగా రాజకొలువులోని యోధుడు గవేయిన్‌కు ఇచ్చాడని ఇంగిల్‌వుడ్ అడవిలో రాజును ఒంటరిగా పట్టుకుని ప్రశ్న వేస్తాడు. సమాధానం చెప్పే రాగ్‌నెల్ అతని సోదరి. ఆమె ఆ సమాధానానికి వెలగా గవేయిన్‌ను భర్తగా కోరుతుంది. ఆమె పెళ్లితో ఆ భూములున్న ఇంటికి గ్రోమర్ సోదరి యజమానురాలిగా వస్తోందన్న కోణంలో చదివితే కథ లోతు పెరుగుతుంది. రాణి ఈ పెళ్లిని తెల్లవారుజామున గుట్టుగా జరిపించమని బతిమాలినప్పుడు రాగ్‌నెల్ ససేమిరా అంటుంది. అందరూ చూస్తుండగానే జరగాలి, విందు అందరితోపాటు హాలులోనే జరగాలి. గోవర్ కథానాయకుడు భార్యను రాత్రిపూట దాచుకుని తీసుకువస్తే, ఇక్కడ ఆమె తన కురూపాన్ని సభ ముందు నిలబెడుతుంది. ఐదేళ్లకే ఆమె మరణించిందని, గవేయిన్ ఆమెను ప్రేమించినట్లు మరెవరినీ ప్రేమించలేదని కవి చెప్పే చోట ఈ గరుకు పద్యం హఠాత్తుగా మెత్తబడుతుంది.

మూడింటిలో ఒకటే ఎంచుకోవాలంటే చాసర్‌దే ఎంచుకోవాలి. రెండు చదవగలిగితే రెండవది గోవర్ కాదు, రాగ్‌నెల్.

గ్రిసెల్డా, డోరిజెన్: ఏది సమానత్వపు కథ?

అమెరికన్ విమర్శకుడు కిట్రిడ్జ్ 1912లో ప్రచురించిన వ్యాసం తరువాత వైఫ్ ఆఫ్ బాత్, క్లర్క్ (విద్యార్థి), మర్చంట్ (వర్తకుడు), ఫ్రాంక్లిన్ (భూస్వామి) అనే యాత్రికులు చెప్పిన కథలను ‘వివాహ వర్గం’గా కలిపి చదవడం అలవాటైంది. ఈ వాదంలో ఫ్రాంక్లిన్ కథ అందరికీ తీర్పు వంటిది. ఆలిసన్ ఏలుబడి కోరింది, క్లర్క్ విధేయతను చూపాడు, ఫ్రాంక్లిన్ సమానత్వంతో సమస్యను పరిష్కరించాడు. విద్యార్థులకు ఇది ఎంతో అనుకూలమైన సూత్రం. కథ చదివిన తరువాత కూడా దీనిని నమ్మడం నాకు సాధ్యం కాలేదు.

ఫ్రాంక్లిన్ కథలో ఆర్వెరాగస్, డోరిజెన్ ఒకరినొకరు శాసించకూడదని ఒప్పందం చేసుకుంటారు. పెత్తనంతో ప్రేమ నిలవదని చెప్పే పంక్తులు చాసర్ రాసినవాటిలోకెల్లా అందమైనవి. అయితే తన హోదాకు తలవంపులు రాకుండా ఆధిపత్యపు ‘పేరు’ మాత్రం భర్తకే ఉండాలని ఆ ఒప్పందంలోనే ఉంది. తరువాత, సముద్రతీరపు నల్లని రాళ్లన్నీ తొలగిస్తే నిన్ను ప్రేమిస్తానని డోరిజెన్ ఆరేలియస్ అనే యువకుడితో పరిహాసంగా అన్న మాట ఒక మాంత్రికుని సాయంతో నిజమై మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు ఆర్వెరాగస్ మాట నిలబెట్టుకోవడమే అన్నింటికంటే గొప్పదని ఆమెను ఆ యువకుని దగ్గరకు పంపుతూ, ఈ సంగతి ఎవరికైనా చెబితే ప్రాణం దక్కదని ఏడుస్తూనే ఆజ్ఞాపిస్తాడు. ఒకరినొకరు శాసించుకోని దంపతుల మధ్య ఆ ఆజ్ఞ ఎక్కడి నుంచి వచ్చింది? కథ చివర కవి అడిగేది భర్త, యువకుడు, మాంత్రికుడు ఈ ముగ్గురిలో ఎవరు ఎక్కువ ఉదారులు అని. ఆ వరుసలో డోరిజెన్ పేరు ఉన్నట్లు కనిపించదు. సమానత్వం పైకి ఎంత మంచిగా కనిపించి లోపల ఎంత పెళుసుగా ఉంటుందో చూడదలచినవారికి దీనికి మించిన కావ్యం లేదు, ఆ దృష్టితోనే దీనిని ఎంచుకోవాలి.

క్లర్క్ కథ దీనికి తలకిందులు. సలూజో ప్రభువు వాల్టర్ పేదింటి పిల్ల గ్రిసెల్డాను, తన ఏ నిర్ణయానికీ ఎదురు చెప్పకూడదన్న షరతు మీద పెళ్లాడి, ఆమె విధేయతను పరీక్షించడానికి కూతురిని, తరువాత కొడుకును చంపించినట్లు నమ్మిస్తాడు. ఆఖరికి ఒంటి మీద లోపలి అంగీతో పుట్టింటికి పంపి, కొత్త పెళ్లికూతురికి ఇల్లు సిద్ధం చేయడానికి మళ్లీ పిలుస్తాడు. బొకాచియో ఇటాలియన్‌లో చెప్పి, పెట్రార్క్ లాటిన్‌లోకి మార్చిన ఈ కథను చాసర్ ఏడు పంక్తుల పద్యాలలో రాశాడు. చాలామంది కోపంతో మధ్యలో మానేస్తారు. వారిని తప్పుపట్టలేను. కానీ మానకుండా గ్రిసెల్డా ఇంటికి వెళ్లే ముందు మాట్లాడే మాటల దాకా రండి. తాను తెచ్చిన కన్యాత్వాన్ని తిరిగి తీసుకుపోలేదు గనుక దానికి వెలగా ఒక్క అంగీ అయినా ఇమ్మని ఆమె అడుగుతుంది. ప్రేమ కొత్తదిగా ఉన్నప్పటిలా పాతబడ్డాక ఉండదని అంటుంది. కొత్త వధువును చూసి, ఈమె నాకన్నా సుకుమారంగా పెరిగింది, నన్ను బాధించినట్లు ఈమెను బాధించవద్దు అంటుంది. ఇన్నేళ్ల మౌనం తరువాత వచ్చిన ఆ ఒక్క మాటలో అభియోగమంతా ఉంది. ఏ అధికారమూ లేని మనిషి తన మాట తప్పకుండానే ఎదుటివాణ్ణి నేరస్థుడిగా నిలబెట్టడం ఇది. భార్యలు గ్రిసెల్డాను అనుసరించాలని తాను చెప్పడం లేదని, అది భరించరానిదని క్లర్క్ చివర స్పష్టంగా అంటాడు కూడా.

స్త్రీ ఆత్మగౌరవం గురించి లోతుగా ఆలోచింపజేసేది ఫ్రాంక్లిన్ కథ కన్నా క్లర్క్ కథే అని నా నిశ్చితాభిప్రాయం. మొదటి కావ్యంగా మాత్రం ఎవరికీ సూచించను. ఆలిసన్ గొంతు చెవిలో ఉన్నప్పుడే గ్రిసెల్డా మౌనం బరువు తెలుస్తుంది.

మిగిలినవి క్లుప్తంగా

అరవై ఏళ్ల జాన్యువరి మే అనే పడుచును పెళ్లాడే మర్చంట్ కథలో వ్యంగ్యం పదునైనదే. అయితే దానిని చెప్పేవాని చేదు మనసు స్త్రీని గురించి కొత్తగా ఏమీ చూడనివ్వదు, వివాహ వర్గాన్ని పూర్తిచేయదలచినవారు మాత్రమే చదివితే చాలు. పద్నాలుగవ శతాబ్దం చివరిదైన ‘సర్ గవేయిన్ అండ్ ద గ్రీన్ నైట్’ కావ్యకళలో ఇక్కడ చెప్పిన వేటికీ తీసిపోదు. మూడు ఉదయాలు గవేయిన్ పడకగదికి వచ్చి సంభాషణను తన చేతిలోకి తీసుకునే గృహిణి ఎంతో సమర్థురాలు. కానీ ఆమె అదంతా భర్త పన్నాగం ప్రకారమే చేసిందని, ఆ మొత్తం వ్యవహారం వెనుక మోర్గన్ లె ఫే అనే వృద్ధ మాంత్రికురాలి సంకల్పం ఉందని చివర తెలుస్తుంది. 2530 పంక్తులు ఓపికగా చదవగలవారు, పెళ్లి కన్నా పురుషుని ప్రతిష్ఠ గురించి ఎక్కువగా ఆలోచించదలచినవారు దీనిని ఎంచుకోవచ్చు.

ఒక్క సాయంత్రంలో ముగించగలది కావాలంటే చాసర్ ‘పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్’ 699 పంక్తులే. ప్రకృతి దేవత చేతి మీద వాలిన ఆడ గద్దను మూడు మగ గద్దలు వరించి, పక్షులన్నీ వాదించుకున్న తరువాత, నిర్ణయం నీదే అని దేవత అంటే ఆ గద్ద ఏడాది గడువు కోరుతుంది. అది ఆమెకు దక్కుతుంది. పెళ్లికి ‘ఇప్పుడే కాదు’ అనగలగడం కూడా స్త్రీకి ఉన్న శక్తే అని ఇంత సున్నితంగా చెప్పిన కావ్యం ఆ కాలంలో నాకు మరొకటి కనబడలేదు. కాంటర్‌బరీ కథలలోనే నైట్ (యోధుడు) చెప్పిన కథలో కన్యగానే ఉండిపోతానని డయానా దేవతను ప్రార్థించిన ఎమిలీకి ఈ గడువు కూడా దక్కలేదు. ఇంకా వెనక్కి, ప్రాచీన ఆంగ్లంలోకి వెళ్లదలచినవారికి పదవ శతాబ్దపు కవితల రాతప్రతి అయిన ఎక్సెటర్ గ్రంథంలోని ‘వైఫ్స్ లమెంట్’ ఉంది. భర్తకు దూరమై, ఓక్ చెట్టు కింద నేలమాళిగలో ఒంటరిగా బతుకుతున్న స్త్రీ గొంతుతో సాగే ఆ 53 పంక్తులలో అధికారం ఛాయ కూడా లేదు, అది పోయిన తరువాతి దుఃఖమే ఉంది.

ఏ ప్రతి చదవాలి

చాసర్ కాలపు ఇంగ్లీషు అయిన మధ్య ఆంగ్లం తెలియనివారు చాసర్‌ను నెవిల్ కోగిల్ ఆధునిక పద్యానువాదంలో చదవవచ్చు. 1951లో పెంగ్విన్ సంస్థ ప్రచురించిన ఆ అనువాదం ఇప్పటికీ దొరుకుతుంది. ధారాళంగా సాగుతుంది, ఆలిసన్ చమత్కారం చాలావరకు నిలుస్తుంది. అయితే పైన చెప్పిన భూమి, నిర్వహణ వంటి పదాల దగ్గర మూలాన్ని చూడకుండా ఏ నిర్ధారణకూ రావద్దు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉచితంగా ఉంచిన ప్రతిలో ప్రతి మూల పంక్తి కింద ఆధునిక ఆంగ్లం ఉంటుంది, పరిశోధన చేసేవారికి అదే ఉత్తమం. రాగ్‌నెల్, గోవర్ కావ్యాలను రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారి మధ్య ఆంగ్ల గ్రంథమాల వెబ్‌సైట్‌లో పదార్థాలతో సహా ఉచితంగా చదవవచ్చు. ‘గ్రీన్ నైట్’ మాండలికం చాసర్ లండన్ భాష కన్నా చాలా కఠినమైనది గనుక మొదటిసారి అనువాదమే మేలు. సైమన్ ఆర్మిటేజ్ 2007 అనువాదం వేగంగా సాగుతుంది, 1975లో వెలువడిన టోల్కీన్ అనువాదం మూలపు అనుప్రాసకు, పాత నుడికారానికి దగ్గరగా నడుస్తుంది. ఎం.ఏ. పరీక్షకు చదువుతున్నవారు వైఫ్ ఆఫ్ బాత్ పీఠిక, ఆమె కథ, క్లర్క్ కథ, ఫ్రాంక్లిన్ కథ అన్న వరుసలో మూలంతోనే సాగి, రాగ్‌నెల్‌ను సెలవులకు ఉంచుకోవచ్చు. పరీక్షల బాధ లేని పాఠకులు ఆలిసన్ తరువాత నేరుగా రాగ్‌నెల్ దగ్గరకే వెళ్లాలి.